గిజిగాని ఇల్లాలు



మీ ఊళ్ళో బావిగట్టున ఈతచెట్టు గాని, చేనుగట్టున తుమ్మచెట్టు గాని ఉంటే ఈ సంగతి మీకు నేను వేరే చెప్పనక్కరలేదు. తొలకరి చినుకులు పడి, చేలు పచ్చబడేసరికి ఆ చెట్ల కొమ్మల చివరల నుంచి గూళ్ళు వేలాడటం మొదలవుతుంది. సొరబుర్రను తలకిందులుగా కట్టినట్టు ఉంటాయి. కింద పొడుగాటి గొట్టం. ఎంత గాలి వీచినా ఊగుతాయే గాని ఊడిపడవు. అవి గిజిగాని గూళ్ళు.

గిజిగాని గూడు చూడనివారు మనలో ఉండరు. మరి గిజిగాణ్ణి చూసినవారు ఎందరు? చూసినా, పసుపుపచ్చని తలా రొమ్మూ, నల్లని చెక్కిళ్ళూ గల మగపిట్టనే చూసి ఉంటారు. దాని పక్కనే గోధుమ రంగులో, అచ్చం ఊరపిచ్చుకలా ఉండే ఆడపిట్ట ఒకటి ఉంటుంది. దాన్ని చూసి "ఇదెవరో పిచ్చుక" అనుకుంటాం. ఆ గూట్లో ఎవరు కాపురం ఉంటారని అడిగితే "ఇంకెవరు, మొగుడూ పెళ్ళాం పిల్లలూ" అంటాం. నేనూ చాలా కాలం అలాగే అనుకున్నాను. అది నిజం కాదని తెలియడానికి మనుషులకు చాలా కాలమే పట్టింది. ఆ కథే ఈ పూట మీకు చెప్పాలనుకుంటున్నాను.

ముందు నా సంగతి ఒకటి చెప్పుకోవాలి.

మాది అమరచింత. నిజాం ఏలుబడిలో అది ఒక సంస్థానం. రాజులు ఆత్మకూరులో ఉండేవారు గాని, సంస్థానానికి పేరు మా ఊరిదే. అప్పుడు మహబూబ్‌నగరం జిల్లా, 2016 నుంచి వనపర్తి జిల్లా. కృష్ణ దగ్గరే పారుతున్నా మా చిన్నతనంలో మా చేలకు వానా, బావీ తప్ప వేరే దిక్కు ఉండేది కాదు. గద్వాల వైపు ఎలాగో మా ఊళ్ళోనూ అలాగే పట్టుచీరల నేత. ఏ వీధిలో నిలబడినా మగ్గం చప్పుడు వినబడేది. నేను కండెలు చుడుతూ పెరిగినదాన్ని.

మా పెరడు దాటితే ఒక మోటబావి. దాని మీదికి వంగి ఒక ఈతచెట్టు. ఏటా వానకాలం ఆ చెట్టుకు ఇరవై ముప్ఫై గూళ్ళు వేలాడేవి. నాకు పదేళ్ళప్పుడు, ఒక గూడు తెచ్చి మగ్గం దగ్గర కట్టుకోవాలని నాకు పట్టుదల పుట్టింది. అన్నయ్యను బతిమాలాను. వాడు పొడుగు కట్టెకు కొడవలి కట్టి, గట్టు మీదికి ఒరిగిన కొమ్మ నుంచి ఒక గూడు కోసి తెచ్చాడు. నాయన మగ్గం గుంటలోంచి లేచి వచ్చి దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. చీర కొనే షావుకారు చీరను చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు. "ముడి యాడ ఏసిందో దొరుకుతలేదు చూడు" అన్నాడు. నేను మురిసిపోతున్నాను. అంతలో గూడు లోపల ఏదో కదిలింది.

లోపల మూడు పిల్లలు. ఇంకా ఈకలు రాలేదు, కళ్ళు తెరవలేదు. మేం దూది పరిచాం, నీళ్ళు పోయబోయాం, జొన్నపిండి కలిపి పెట్టబోయాం. సాయంత్రానికి మూడూ పోయాయి. అది ఒక ఎత్తు. ఆ ఆడపిట్ట నోట మిడతను కరుచుకుని వచ్చి, గూడు ఉండిన కొమ్మ చివర చుట్టూ తిరిగి, పోయి, మళ్ళీ వచ్చింది. పొద్దు గుంకేదాకా అలాగే చేసింది. మా అవ్వ బావిగట్టు మీద కూచుని అది చూసింది. అన్నయ్యను ఏమీ అనలేదు. నన్ను పిలిచి, "అది గూడు ఎవరికోసరం కట్టిందనుకున్నవు బిడ్డా, నీకోసరమా?" అని మాత్రం అంది.

ఆ ప్రశ్న నన్ను వదలలేదు. పెద్దయ్యాక ఈ పిట్టను గురించి ఎక్కడ ఏ ముక్క దొరికినా చదివాను. అలా చదివిందే ఇప్పుడు మీతో చెబుతున్నది.

గిజిగాడు మనకు కొత్త పిట్ట కాదు. వానలో తడుస్తున్న కోతికి గూట్లోని పిట్ట బుద్ధి చెప్పబోతే, కోతికి కోపం వచ్చి గూడు పీకి పారేసిన కథ మన పిల్లలందరికీ తెలుసు. పంచతంత్రం కాలం నుంచీ ఆ కథ రకరకాలుగా వాడుకలో ఉంది. తెలుగులో జాషువా గారు గిజిగాడి మీద చెప్పిన పద్యాలు బళ్ళో కంఠతా పట్టినవారు మీలో చాలామందే ఉంటారు. ఇక మన పల్లెల్లో ప్రతి అవ్వా చెప్పే మాట ఒకటుంది. గిజిగాడు తడిమట్టి తెచ్చి గూట్లో అంటించి, దానికి మిణుగురు పురుగును గుచ్చి, రాత్రిపూట దీపం పెట్టుకుంటుందట! ఎంత అందమైన ఊహ! దీపం మాట నిజం కాదు గాని, మట్టి మాట నిజం. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ఈ పిట్టను గురించి అచ్చులో వచ్చిన పాత రాతల్లో ఒకటి 1790 నాటిది. కలకత్తాలో సర్ విలియం జోన్స్ 1784లో ఏషియాటిక్ సొసైటీ స్థాపించాడు కదా, ఆ సొసైటీ వారి పరిశోధన సంపుటాల్లో రెండవ దానిలో ఢిల్లీ వాస్తవ్యుడు అతహర్ అలీ ఖాన్ అనే ఆయన బయా పిట్ట మీద ఒక వ్యాసం రాశాడు. ఉత్తరాదివారు గిజిగాణ్ణి బయా అంటారు. ఆ రోజుల్లో షోకిలారాయుళ్ళు ఈ పిట్టను పట్టి, మచ్చిక చేసి, చేతి మీద కూచోబెట్టుకు తిరిగేవారట. లోతైన బావిలో ఉంగరం వేసి సైగ చేస్తే, ఉంగరం నీళ్ళను తాకేలోపల పిట్ట దూసుకుపోయి దాన్ని పట్టి తెచ్చేదట. అంతేకాదు, కాశీలో ఆడపిల్లలు కనుబొమల మధ్య పలచని బంగారు టిక్కలు అంటించుకుని వీధిలో పోతుంటే, కుర్రకారు పిట్టకు సైగ చేసేవారట. అది రివ్వున పోయి టిక్కను ముక్కుతో లాక్కొచ్చి యజమాని చేతిలో పెట్టేదట. నుదుటి టిక్క పోగొట్టుకున్న ఆ పిల్ల ఇంటికిపోయి తల్లికి ఏం చెప్పుకుందో ఆ వ్యాసంలో లేదు! మిణుగురు దీపం మాట కూడా ఆ వ్యాసంలోనే వస్తుంది. అంటే మన అవ్వలు చెప్పే ఊహ ఢిల్లీలోనూ ఉందన్నమాట.

అంతకు కొంచెం ముందే, 1766లో, స్వీడను దేశపు లినేయస్ ఈ పిట్టకు శాస్త్రీయ నామం పెట్టాడు. పేరులో ఫిలిప్పీన్స్ దీవులను చేర్చాడు. తమాషా ఏమిటంటే ఫిలిప్పీన్స్ ఈ పిట్టకు పుట్టిల్లు కానే కాదు. మన దేశం, సింహళం, బర్మా, ఆ చుట్టుపట్ల దేశాలే దాని నెలవు. అయినా పెట్టిన పేరు పెట్టినట్టే ఉండిపోయి, నేటికీ శాస్త్రజ్ఞులు దాన్ని ప్లోసియస్ ఫిలిప్పినస్ అనే అంటారు. ఒకరు కథ కట్టారు, ఒకరు ఆట నేర్పారు, ఒకరు ఊరు తప్పుగా రాశారు. గూటి దగ్గర కూచుని, పిట్ట ఏం చేస్తున్నదో మొదటి నుంచి చివరిదాకా ఓపికగా చూసినవారు మాత్రం చాలాకాలం కనబడరు. ఒకే మగపిట్ట రెండు మూడు గూళ్ళు ఎందుకు కడుతుందనేది కూడా తేలని ప్రశ్నగానే ఉండేది. ఒకటి ఆలికి, ఒకటి తనకు అని సరిపెట్టుకునేవారు.

ఆ ముడి విప్పినవారు సలీం అలీ గారు. ఆయన 1896లో బొంబాయిలో పుట్టారు. అక్కడి మ్యూజియంలో చిన్న ఉద్యోగం చేస్తూ, పక్షిశాస్త్రం నేర్చుకోవడానికి జర్మనీ వెళ్ళారు. తిరిగి వచ్చేసరికి డబ్బు లేదని ఆ ఉద్యోగమే తీసేశారు. చేతిలో పని లేదు. సముద్రం ఒడ్డున కిహీం అనే పల్లెలో ఇల్లొకటి ఉంటే ఆయనా, భార్య తెహ్మినా గారూ అక్కడికి చేరారు. ఆ ఇంటి దగ్గర చెట్టుకు గిజిగాని గూళ్ళు! 1930 వానకాలమంతా ఆయన చాటున కూచుని ఆ గూళ్ళను చూశారు. ఏ గూడు ఏ మగపిట్టది, ఏ రోజు ఎంత కట్టింది, ఏ ఆడపిట్ట ఎప్పుడు వచ్చింది, అంతా రాసి పెట్టుకున్నారు. 1931లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో అచ్చు వేశారు. ఉద్యోగం పోవడం వల్ల లోకానికి జరిగిన మేళ్ళలో ఇది ఒకటి.

ఇంతకీ ఆయన చూసిందేమిటి? ఆ తర్వాత ఇతరులు చూసిన సంగతులు కూడా కలిపి చెబుతాను, వినండి.

వానలు మొదలయ్యేసరికి మగపిట్టకు పసుపు రంగు వస్తుంది. పది, ఇరవై, ఒక్కోచోట ఇంకా ఎక్కువ మగపిట్టలు ఒకే చెట్టును చూసుకుంటాయి. చెట్టు ఎంపికలోనే తెలివి ఉంది. ముళ్ళ తుమ్మ అయితే పిల్లి ఎక్కలేదు. బావి మీదికో చెరువు మీదికో వంగిన ఈత, తాటి అయితే పాముకు కష్టం. చెట్టుకు తూర్పు వైపున కట్టడం ఎక్కువ. నైరుతి గాలీ జల్లూ నేరుగా కొట్టకుండా చెట్టే అడ్డం ఉంటుంది.

ఇక నేత. వరి ఆకు, జొన్న ఆకు, గడ్డి, ఈత ఆకు, ఏదైనా సరే, పచ్చిదే కావాలి. ఆకు అంచున ముక్కుతో చిన్న గాటు పెడుతుంది. ఆ గాటు దగ్గర పట్టుకుని పైకి ఎగురుతుంది. ఆ ఎగురుడుకు ఆకు నిలువునా చీలి పోగు వస్తుంది. పోగు జానెడు నుంచి మూరెడు పైగా ఉంటుంది. ముందు కొమ్మ చివర పోగులు చుట్టి ముడి వేస్తుంది. దాని నుంచి ఒక వలయం అల్లుతుంది. వలయానికి ఒకవైపు కప్పు పెంచుకుంటూ పోతే టోపీ బోర్లించినట్టు అవుతుంది. పోగును ఒకవైపు నుంచి గుచ్చి, అవతలి నుంచి లాగి, మళ్ళీ ఇవతలికి తెచ్చి, అచ్చంగా పడుగులో పేక నడిపినట్టే నడుపుతుంది. నాడె లేదు, అచ్చు లేదు, ఉన్నదల్లా ఒక ముక్కూ రెండు కాళ్ళూ. టోపీ దశకు సుమారు ఎనిమిది రోజులు, మొత్తం గూటికి పద్దెనిమిది రోజులు పడుతుంది. ఒక్క గూటికి ఐదు వందల సార్లు దాకా తిరుగుతుందని లెక్క.

టోపీ దశకు రాగానే మగపిట్ట పని ఆపుతుంది. ఆపి ఏం చేస్తుంది? ఆడపిట్టల కోసం ఎదురుచూస్తుంది.

మన పెళ్ళిచూపులు తెలుసు కదా? ఇక్కడ అంతా తలకిందులు. ఆడపిట్టలు గుంపుగా చెట్టు మీద వాలుతాయి. వాటిని చూడగానే మగపిట్టలన్నీ తమ తమ సగం గూళ్ళకు వేలాడుతూ రెక్కలు టపటపలాడిస్తూ "చిట్ చిట్ చీ" అని ఒకటే పాట. ఆడపిట్ట నింపాదిగా ఒక గూట్లోకి దూరుతుంది. అటూ ఇటూ చూస్తుంది, ముక్కుతో పోగులు లాగి చూస్తుంది. నచ్చకపోతే మారు మాట లేకుండా మరో గూటికి పోతుంది. నేత ఎంత నాజూకుగా ఉందన్న దానికన్నా గూడు ఏ చోట కట్టారన్నదే ఆమె ఎక్కువగా చూస్తుందని పరిశోధకులు తేల్చారు. నిజమే కదా! ఇల్లు ఎంత అందంగా ఉన్నా పాము ఎక్కే చోట ఉంటే పిల్లల తల్లికి ఏం లాభం?

ఏ ఆడపిట్టా మెచ్చని గూడు అలాగే ఎండిపోతుంది. ఒక్కోసారి కట్టిన మగపిట్టే దాన్ని పీకేసి మళ్ళీ మొదలుపెడుతుంది. ఒక ఆడపిట్ట "సరే" అన్నదంటేనే గూడు పూర్తవుతుంది. అప్పుడే ఒకపక్క గుడ్ల గది అడుగు మూసి, రెండోపక్క కిందికి గొట్టం దించుతుంది. అంటే మనం చెట్ల మీద చూసే నిండు గూడు ప్రతిదీ ఒక ఆడపిట్ట ఒప్పుకున్న గూడు. సగంలో ఆగిన టోపీలన్నీ ఒప్పుకోనివో, ఇంకా చూసిపోనివో. ఇక నుంచి ఈతచెట్టు కింద నిలబడితే లెక్కపెట్టి చూడండి. ఎన్ని సంబంధాలు కుదిరాయో, ఎన్ని కుదరలేదో మీకే తెలుస్తుంది.

మట్టి సంగతి చెబుతానన్నాను కదా. టోపీ దశలోనే మగపిట్ట తడిమట్టి ముద్దలు తెచ్చి గది గోడకు లోపల పూస్తుంది. మిణుగురులు లేవు, దీపం లేదు. గూడు గాలికి మరీ ఊగకుండా ఆ బరువు పనికివస్తుందని చాలామంది అభిప్రాయం. మనం గడ్డివాముకు తాడు కట్టి రాయి వేలాడదీసినట్టన్నమాట.

ఇక్కడిదాకా మగపిట్ట పనితనం. ఇక ఇల్లాలి కథ.

గూట్లో చేరిన ఆడపిట్ట మెత్తని గడ్డి పరకలు తెచ్చి అడుగున పరుస్తుంది. రెండు నుంచి నాలుగు తెల్లని గుడ్లు పెడుతుంది. పద్నాలుగు నుంచి పదిహేడు రోజులు తానొక్కతే పొదుగుతుంది. మరి కట్టిన ఆసామి? ఆయన అదే చెట్టు మీద మరో కొమ్మకు పోగు చుడుతూ ఉంటాడు! ఇంకో గూడు, ఇంకో ఆడపిట్ట. కుదిరితే ఇంకొకటి. సలీం అలీ గారు విప్పిన ముడి ఇదే. రెండో గూడు తనకు కాదు, రెండో ఇల్లాలికి. ఈ సంగతి నేను మా వీధిలో చెబితే ఒక పెద్దావిడ పత్తి ఏరుతూ తలెత్తకుండానే, "ఇదేం కొత్త సంగతి, ఇందుకు అంత చదువు చదవాల్నా?" అంది. అందరం నవ్వాం.

మనుషుల న్యాయం పిట్టలకు పెట్టకూడదు లెండి. వానకాలం మూడు నాలుగు నెలలు. చేలల్లో పురుగూ గింజా ఉన్నప్పుడే పిల్లలు పెరగాలి. ఆ కాస్త కాలంలో వాటి జాతి నిలిచే పద్ధతి అది. మగపిట్ట అప్పుడప్పుడు పిల్లలకు మేత తెచ్చిపెట్టడం కద్దు. కాని భారమంతా తల్లిదే. పెద్దపిట్టలు గడ్డి గింజలు, వరి, జొన్న, సజ్జ తింటాయి గాని, పసికూనలకు పురుగులు కావాలి. మిడతలూ గొంగళి పురుగులూ తెచ్చి పెడుతుంది. మేం జొన్నపిండి పెట్టబోయామే, అది వాటి తిండే కాదని నాకు ముప్ఫై ఏళ్ళ తర్వాత తెలిసింది.

పదిహేడు రోజులు తిరిగేసరికి పిల్లలు గూడు వదులుతాయి. మగా ఆడా తేడా లేకుండా అన్నీ తల్లి రంగే. ఆడపిల్ల మరుసటి వానకాలానికి తల్లి కాగలదు. మగవాడికి ఇంకో ఆరు నెలలు ఎక్కువ పడుతుంది. ఎందుకంటే వాడు పని నేర్చుకోవాలి. నేతపని మా రక్తంలోనే ఉందని మా వాడలో అనుకునేవాళ్ళం. గిజిగాడి బంధువైన ఆఫ్రికా నేతపిట్ట మీద ఎల్సీ కోలియాస్ అనే శాస్త్రజ్ఞురాలు, ఆమె భర్త నికొలస్ కోలియాస్ కలిసి 1960లలో పరీక్షలు చేశారు. చిన్నతనంలో పచ్చి ఆకు అందకుండా పెంచిన మగపిల్లలు పెద్దయ్యాక పోగు సరిగ్గా చీల్చలేకపోయాయి, నేయలేకపోయాయి. కోరిక పుట్టుకతో వస్తుంది గాని, చేతివాటం సాధనతోనే వస్తుందని తేలింది. అందుకే లేత మగపిట్టలు వంకరటింకర గూళ్ళు కట్టి, చెడగొట్టి, మళ్ళీ కడతాయి. మా నాయన కూడా మొదటి చీర మూడుసార్లు విప్పి నేశాడని అవ్వ చెప్పేది.

వానలు వెనకబట్టాక మగపిట్ట పసుపు రంగు రాలిపోతుంది. ఆడా మగా అన్నీ గోధుమ రంగు గుంపులై జమ్ములోనూ చెరకు తోటల్లోనూ రాత్రిళ్ళు నిద్రచేస్తాయి. ఖాళీ గూళ్ళు కూడా ఊరికే పోవు. చిన్న ఎలుకలూ, జీనువాయి వంటి బుల్లి పిట్టలూ వాటిలో చేరతాయి.

సలీం అలీ గారి కథలో మనకు దగ్గరి ముక్క ఇంకొకటి ఉంది. గిజిగాని వ్యాసం అచ్చయిన ఆ 1931లోనే నిజాం ప్రభుత్వం సహాయంతో ఆయన హైదరాబాదు రాష్ట్రంలో పక్షుల సర్వే మొదలుపెట్టారు. అడవుల్లో డేరాలు వేసుకుని ఊరూరా తిరిగారు. మా జిల్లాలో అమరాబాదు గుట్టల మీద ఫరహాబాదు దాకా వచ్చారు. అమరాబాదు ఇప్పుడు నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉంది గాని, అప్పుడు మాకూ వారికీ ఒకటే జిల్లా. ఆ ప్రయాణాల్లో తెహ్మినా గారు ఆయన వెంట ఉన్నారు. సర్వే ఫలితాలు 1933, 34లలో అచ్చయ్యాయి. పేరు సలీం అలీ గారిది. అడవిలో భర్త పని సాగేటట్టు చూసిన ఆమెను ఎందరు తలుచుకుంటారు? 1939లో ఆమె కన్నుమూశారు. ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. 1987లో తాను పోయేదాకా పక్షుల వెంటే తిరిగారు.

ఇక నేటి సంగతి. గిజిగాడి జాతికి ఇప్పుడు అపాయమేమీ లేదు, దేశంలో బాగానే ఉంది. అయినా ఊరూరా గూళ్ళు చెట్టు మారుతున్నాయి. జూరాల దగ్గర కృష్ణకు ఆనకట్ట కట్టాక, 1990ల నుంచి మా వైపు కాలువ నీళ్ళు వచ్చాయి, వరి వచ్చింది. గిజిగాడికి తిండికి కొదవ లేదు. కాని బోర్లు వచ్చి మోటబావులు పూడిపోయాయి. గట్ల మీది ఈత, తుమ్మ నరికి చదును చేశారు. మా పెరటి బావీ పూడింది, ఈతచెట్టూ పోయింది. కరెంటు తీగలకు గూళ్ళు కట్టిన పిట్టలను కూడా చూశాను. పురుగుమందు చల్లిన చేలో పెద్దపిట్టకు గింజ దొరుకుతుందేమో గాని, పిల్ల నోట్లో పెట్టడానికి మిడత దొరకదు.

రైతు బాధ నాకు తెలియనిది కాదు. కంకి పాలు పోసుకునే వేళ వందల పిట్టలు వాలితే నష్టమే. మా మేనత్త మంచె ఎక్కి వడిసెల తిప్పిన మనిషి. తోలవలసిందే. కాని కంకి మీద వాలిన పిట్టను తోలడం వేరు, చెట్టు మీది గూటిని కోయడం వేరు.

ఇప్పుడు పట్నాల్లో ఈ గూళ్ళను ఇంటి అలంకారానికి అమ్ముతున్నారు. వరండాలో వేలాడదీసుకుంటే ముచ్చటగా ఉంటుందని కొంటున్నారు. అమ్మలారా, ఒక్క మాట. పచ్చగా ఉన్న గూడు కడుతున్న గూడు. ఎండిన రంగు వచ్చినంత మాత్రాన అది ఖాళీ గూడు కాదు. ఆకు కొద్ది రోజుల్లోనే ఎండుతుంది. పిల్లలు పెరిగేది ఆ ఎండిన గూట్లోనే. మేం కోసిన గూడూ ఎండిందే. మనం బతుకమ్మకు తంగేడు, గునుగు పూలకోసం చేలగట్ల వెంట పోయే రోజుల్లో కూడా కొన్ని గూళ్ళలో ఆఖరి పిల్లలు ఉంటాయి. మీ పిల్లలు గూడు కావాలని మారాం చేస్తే కార్తీకం వెళ్ళేదాకా ఆగమనండి. అప్పటికీ చెట్టుకు ఉంచడమే మేలు. నేలన రాలినది దొరికితే ఏరుకోనివ్వండి. పిట్టను పట్టి పంజరంలో పెట్టడం 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం కూడాను.

మీ బావిగట్టునో, చేనుగట్టునో ఒక ఈతచెట్టు మిగిలి ఉంటే నరకనివ్వకండి. ఆ చెట్టు కింద ఒక అరగంట కూచోండి. పాడే పసుపుపిట్టను ఎలాగూ చూస్తారు. గోధుమ రంగు పిట్ట నోట ఏదో కరుచుకుని వచ్చి, చప్పుడు లేకుండా గొట్టంలోకి దూరుతుంది. దాన్నీ చూడండి. ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి.

మా అవ్వ అడిగిన దానికి ఆనాడు నేను జవాబు చెప్పలేదు. ఆమె ఉన్నప్పుడే నాకు ఈ సంగతులు తెలిసి ఉంటే, "గూడు కట్టింది నాకోసం కాదవ్వా, అదిగో, ఆ మిడతను పట్టుకొచ్చిన దానికోసం" అని చెప్పి ఉండేదాన్ని.

సెలవు.